నాలుగు వరుసలూ వద్దు, రెండు వరుసలూ వద్దు

బస్సు ఆర్చి దాటి లోపలికి వచ్చిందంటే తల్లుల చేతులు వాటంతటవే పిల్లల భుజాల మీదికి పోయేవి.

అది బస్టాండు కాదు, పార్కు. న్యూయార్క్‌లో గ్రెనిచ్ విలేజ్ అనే పాత పేట నడిబొడ్డున, పదెకరాలకు కాస్త తక్కువగా ఉండే వాషింగ్టన్ స్క్వేర్. ఐదో అవెన్యూ మీద వచ్చే సిటీ బస్సులు అక్కడే మలుపు తిరిగేవి. ఫౌంటెన్‌కు కూతవేటు దూరంలో చుట్టు కొట్టి, ఇంజను ఆపకుండా కాసేపు గుర్రుమంటూ నిలబడి, పొగ వదిలి మళ్లీ ఉత్తరానికి బయల్దేరేవి. వాటి వెనకే కార్లు. గుర్రపు బండ్ల కాలంలో వేసిన దారి అది. బండ్లు పోయి మోటార్లు వచ్చినా దాన్ని మూసేయాలని ఎవరికీ తోచలేదు. బంతి దారి మీదికి దొర్లితే పిల్లవాడు దాని వెనక, తల్లి వాడి వెనక పరిగెత్తడం రోజూ ఉండేదే. ఉన్నదాంతో సర్దుకుపోవడం పేట జనానికి అలవాటైపోయింది.

1952లో ఆ సర్దుబాటు తెగిపోయింది. ఐదో అవెన్యూను ఆర్చి దగ్గర రెండు పాయలుగా చీల్చి, రెండింటినీ పార్కు మీదుగా దక్షిణానికి తీసుకుపోతారన్న వార్త పేటలో పాకింది. పథకం పార్కుల కమిషనర్‌ది. పార్కును కాపాడాల్సిన శాఖే పార్కులో రోడ్డు వేస్తానంటోంది.

ఆ కమిషనర్ పేరు రాబర్ట్ మోజెస్. 1934 నుంచి ఆ కుర్చీలో ఉన్నాడు. ఆ కుర్చీ ఒక్కటే కాదు, ఒక దశలో ఏకకాలంలో పన్నెండు పదవులు ఆయన చేతిలో ఉండేవి. ఒక్క ఎన్నికలోనూ గెలవకుండా మేయర్ల మీదా గవర్నర్ల మీదా పెత్తనం చేశాడు. ఆయన కట్టించిన వంతెనలు, ఆటస్థలాలు, ఈతకొలనులు, సముద్రతీర పార్కులు ఇవాళ్టికీ లక్షల మందికి ఉపయోగపడుతున్నాయి. దాన్ని కాదనలేం. కానీ గీత గీశాక ఆ గీత కింద ఎవరి ఇల్లు ఉందో చూసే అలవాటు ఆయనకు లేదు. ఇంకో సంగతి. కార్ల కోసం నగరాన్ని తిరగరాసిన ఈ పెద్దమనిషికి కారు నడపడం రాదు. జీవితాంతం డ్రైవరే నడిపాడు.

పార్కు మీదుగా రోడ్డు ఎందుకు? పైకి చెప్పింది ట్రాఫిక్. లోపల ఇంకో లెక్క ఉంది. పార్కుకు దక్షిణాన పాత ఇళ్లను, చిన్న కార్ఖానాలను పడగొట్టి పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టించే పథకం కూడా మోజెస్‌దే. అక్కడ కట్టబోయే బిల్డర్లకు ఐదో అవెన్యూ చిరునామా ఇస్తానని మాటిచ్చాడు. ఐదో అవెన్యూ పార్కు దగ్గర ఆగిపోతే ఆ చిరునామా ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంకాస్త దక్షిణాన మాన్‌హటన్‌ను అడ్డంగా కోస్తూ వేయాలనుకున్న ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఆయన నక్షాలో ఉంది. దానికి వాహనాలను అందించే కాలువ కావాలి. ఆ కాలువకు అడ్డొచ్చింది పిల్లల ఇసుక గుంట.

* * *

షర్లీ హేస్ షికాగోలో పుట్టింది. నాటకాల్లో నటించాలని న్యూయార్క్ వచ్చింది, పెళ్లి చేసుకుంది, నలుగురు మగపిల్లల తల్లి అయింది. విలేజ్‌లో అపార్ట్‌మెంటు కాపురం. నలుగురు మగపిల్లలున్న ఇంటికి, అదీ వాకిలీ పెరడూ లేని ఇంటికి, పార్కు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ల పెరడు అదే.

పథకం చూసి ఆవిడ రాజకీయ నాయకుల దగ్గరికి పోలేదు. తోపుడు బండ్లతో పార్కుకొచ్చే తల్లుల దగ్గరికి పోయింది. ఈడిత్ లయన్స్ అనే మరో తల్లి తోడైంది. బెంచీల మీద, కిరాణా కొట్ల ముందు, బడి గేట్ల దగ్గర సంతకాలు. పేరు కూడా సాదాసీదాగానే పెట్టుకున్నారు, వాషింగ్టన్ స్క్వేర్ పార్క్ కమిటీ అని. కొద్ది వారాల్లో వేల సంతకాలు పోగయ్యాయి. బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ అని అప్పట్లో ఉండేది. మేయరూ, నగరంలోని ఐదు బరోల అధ్యక్షులూ మరో ఇద్దరూ కూర్చుని భూములూ ఖర్చులూ తేల్చే సభ. ఆ కాగితాల కట్ట చూసి ఆ సభ వెనకడుగు వేసింది. పథకం పక్కన పడింది.

ఇక్కడితో ఆగిపోతే ఇది గాథ అయ్యేది కాదు. వాయిదా పడిన పథకం చచ్చినట్టు కాదని అర్జీలు పెట్టి అలిసిన ఎవరికైనా తెలుసు. షర్లీ చేసిన అసలు పని ఆ తర్వాతిది. కొత్త రోడ్డు వద్దనడం సరే, ఉన్న రోడ్డు మాత్రం ఎందుకుండాలి? పార్కులో వాహనాలు తిరిగే నేల ఎంతో కొలత వేసింది. 1.75 ఎకరాలు. మన లెక్కలో ఎకరం డెబ్బై ఐదు సెంట్లు. ఆ తారు నేల మొత్తాన్నీ పెకలించి పార్కులో కలపాలని ఆవిడ ప్రతిపాదన. అంబులెన్సూ, ఫైరింజనూ తప్ప మరే చక్రమూ లోపలికి రాకూడదు.

అప్పటికి ఇది చాలామందికి గొంతెమ్మ కోరికలా వినిపించింది. ఆవిడ వైపు ఉన్నవాళ్లలోనే ఎక్కువమంది కోరింది ఉన్నది ఉన్నట్టుండనిస్తే చాలని.

* * *

1955లో మోజెస్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో ఉన్నది రోడ్డు పథకం మాత్రమే కాదు, జనం భద్రత పథకం కూడా.

నాలుగు వరుసల రోడ్డు, 48 అడుగుల వెడల్పు. కానీ నేల మీద కాదు, కందకంలా తవ్వి అందులో. వాహనాలు కింద పోతాయి, నడిచేవాళ్లు పైన కట్టిన వంతెన మీదుగా దాటుతారు. కారుకూ పిల్లవాడికీ ఎక్కడా ఎదురుపడే అవకాశమే లేదు. ఇంతకంటే భద్రత ఏం కావాలి? కాగితం మీద చూస్తే నోరెత్తే సందు లేదు.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ఒక్క న్యూయార్క్ మాయ కాదు. రోడ్డు వెడల్పు చేసి, దాని నెత్తిన ఒక వంతెన కట్టి, నడిచేవాళ్లకు మేలు చేశామనడం మన నగరాల్లోనూ చూస్తూనే ఉన్నాం. ఆ మెట్లు ఎక్కలేక డివైడర్ మధ్యనుంచి దూరే ముసలమ్మను తప్పుపట్టడమూ చూస్తున్నాం. కారు ఎక్కాల్సిన మెట్టు ఒక్కటీ ఉండదు. మెట్లన్నీ మనిషికే.

విలేజ్ తల్లులు ఆ నక్షాను ఇంజనీర్ల కళ్లతో చూడలేదు. పార్కుకు నడుచుకుంటూ వచ్చే మనిషి కళ్లతో చూశారు. పదెకరాల్లో కందకం తవ్వితే దానికి రెండు వైపులా గోడలూ కంచెలూ వస్తాయి. అటు సగం, ఇటు సగం. ఒక సగంలో తల్లి, రెండో సగంలో బిడ్డ ఉంటే మధ్యలో వంతెన. చంకలో ఒకణ్ని, బండిలో ఒకణ్ని పెట్టుకుని రోజుకు ఎన్నిసార్లు దాటాలి? కింద నాలుగు వరుసల మోత, పైకి లేచే పొగ. రోడ్డు ప్రమాదం జరగదు నిజమే, ఎందుకంటే అక్కడ ఆడుకోవడానికి ఎవరూ రారు. పార్కు అంటే పిల్లవాడి చెయ్యి వదిలిపెట్టగలిగే చోటు. చెయ్యి పట్టుకునే నడవాలంటే వీధి ఉండనే ఉంది.

అదే ఏడాది జూన్ 1న మేయర్ రాబర్ట్ వాగ్నర్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. రాసినావిడ పార్కుకు పడమరగా హడ్సన్ వీధిలో, 555 నంబరు ఇంట్లో ఉంటుంది. ఆర్కిటెక్చరల్ ఫోరమ్ పత్రికలో ఉద్యోగం. ముగ్గురు పిల్లలు, చిన్నది ఇంకా చంకబిడ్డ. ఒకప్పుడు మిఠాయి కొట్టు ఉన్న పాత ఇంటిని కొని, భార్యాభర్తలిద్దరూ కలిసి బాగు చేసుకుంటున్నారు. నగరాన్ని నివాసయోగ్యంగా చేయాలని మేం తంటాలు పడుతుంటే, దాన్ని నివాసానికి పనికిరాకుండా చేసే ఎత్తులు నగరమే వేస్తోందని తెలిస్తే మనసు విరిగిపోతోందన్నది ఆ ఉత్తరం సారాంశం. సంతకం: జేన్ జేకబ్స్. అప్పటికి ఆ పేరు ఎవరికీ తెలీదు.

* * *

పథకాలు ఓడిపోయేటప్పుడు మధ్యేమార్గం ఒకటి పుట్టుకొస్తుంది. ఇక్కడ దాన్ని తెచ్చింది మాన్‌హటన్ బరో అధ్యక్షుడు హ్యూలన్ జాక్. ఆ పదవిలోకి వచ్చిన తొలి నల్లజాతీయుడు. మోజెస్‌లా మొండివాడు కాదు, ఇరుపక్షాలనూ ఒప్పించాలని చూసే మనిషి. నాలుగు వరుసలు ఎక్కువంటున్నారు కాబట్టి రెండు వేద్దాం, 48 అడుగులు వద్దంటున్నారు కాబట్టి 36కు తగ్గిద్దాం అన్నాడు.

ఇదే గట్టి పరీక్ష. దుర్మార్గమైన పథకాన్ని ఎదిరించడం తేలిక, మర్యాదైన పథకాన్ని కాదనడం కష్టం. పేట సంఘాల్లోనే కొందరు మెత్తబడ్డారు. ఎంతో కొంత దక్కింది కదా, ఇంకా లాగితే అసలుకే మోసం వస్తుందేమో. మోజెస్‌కు ఈ రెండు వరుసలు నచ్చలేదు, చాలవన్నాడు. ఆయన కాదన్నాడంటే మనం ఔననాలేమోనన్న తర్కం కూడా కొందరికి నచ్చి ఉంటుంది.

షర్లీ ఒప్పుకోలేదు. నాలుగు వరుసలూ వద్దు, రెండు వరుసలూ వద్దు. ఆవిడ వాదన చాలా సరళం. రెండు వరుసలు వేశాక, ఇరుకైపోయింది, నాలుగు చేద్దామనడానికి ఎంతకాలం పడుతుంది? ముందు దారి పడాలే గానీ వెడల్పు దానంతటదే వస్తుంది. రోడ్డు విస్తరణ చరిత్ర తెలిసిన వాళ్లెవరూ ఈ మాట కొట్టిపారేయలేరు.

అలా ఏడాది మీద ఏడాది గడిచింది. ఉత్తరాలు, సభలు, మళ్లీ సంతకాలు. కమిటీ పోగుచేసిన సంతకాలు 30 వేలకు చేరాయన్నారు. ఉద్యమాల్లో ఇది ఎవరూ సినిమా తీయని భాగం. వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, కవర్లు నాకి అంటించే భాగం. ఆరేళ్లు.

* * *

1958 వచ్చేసరికి రంగం మారింది. రేమండ్ రుబినో అనే పెద్దమనిషి సారథ్యంలో ఉమ్మడి అత్యవసర కమిటీ ఒకటి ఏర్పడింది. పేరులోనే విషయం చెప్పేశారు, వాషింగ్టన్ స్క్వేర్‌ను ట్రాఫిక్‌కు మూసేసే కమిటీ అని. జేన్ జేకబ్స్ అందులో చురుగ్గా దిగింది. షర్లీ నాటిన కోరికనే ఎత్తుకున్నారు గానీ, ఎత్తు మార్చారు. శాశ్వతంగా మూసేయమని అడగొద్దు. తాత్కాలికంగా మూసి చూడండి, ఏమవుతుందో లెక్కపెట్టండి అని అడుగుదాం. ప్రయోగానికి కాదనడం ఏ అధికారికైనా కష్టం.

పెద్దపేర్లు జతకలిశాయి. అమెరికా మాజీ ప్రథమ మహిళ ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చింది. 1940లలో ఆవిడ ఆ పార్కు పక్కనే ఇల్లు తీసుకుని ఉన్నావిడ. నగరాల మీద రాసే లూయిస్ మంఫర్డ్ వచ్చాడు, మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ వచ్చింది. మూడేళ్ల కిందటే పుట్టిన విలేజ్ వాయిస్ అనే చిన్న వారపత్రిక పార్కు పోరును సొంత పోరు చేసుకుంది. జేన్ పిల్లలు కూడా వారాంతాల్లో పార్కులో నిలబడి సంతకాలు పట్టారు. నిజానికి ఫొటోగ్రాఫర్లకు పెద్దపేర్ల కన్నా పిల్లలే నచ్చారు.

కానీ తూకం మార్చిన మనిషి వేరు. కార్మైన్ డిసాపియో. డెమొక్రాటిక్ పార్టీ యంత్రాంగానికి, టామనీ హాల్ అని పేరుపడ్డ దానికి అధినేత. కంటిజబ్బు వల్ల ఎప్పుడూ నల్లకళ్లద్దాలు. మేయర్ వాగ్నర్, హ్యూలన్ జాక్ ఇద్దరూ ఆయన పార్టీ వాళ్లే. ఆయన ఇల్లు కూడా ఆ పేటలోనే. ఆ నవంబరులో ఎన్నికలు. సొంత పేటలో ఓట్లు చేజారుతున్నాయని చెప్పడానికి ఆయనకు సర్వే అవసరం లేదు. సెప్టెంబరులో బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ ముందుకు స్వయంగా వచ్చి, పార్కులో వాహనాలు వద్దని వాంగ్మూలం ఇచ్చాడు. తెరవెనక ఉండే మనిషి సభలో నిలబడి మాట్లాడాడంటే అర్థం కానివాళ్లు ఆ హాల్లో లేరు. ఆయన కరిగింది పిల్లల కోసమో ఓట్ల కోసమో తేల్చాల్సిన పని నాకైతే కనిపించదు. పార్కుకు రెండూ ఒకటే.

విచారణల్లో ఒకదానికి మోజెస్ కూడా వచ్చాడు. జేన్ ఆయన్ను కళ్లారా చూసింది ఆ ఒక్కసారే. ఆ దృశ్యాన్ని ఆవిడ చాలా ఏళ్ల తర్వాత గుర్తు చేసుకుంది. రెయిలింగు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడట. తన పథకాన్ని ప్రశ్నించడమేమిటన్న కోపం ముఖమంతా. దీనికి ఎవరూ వ్యతిరేకం కాదు, ఎవరూ ఎవరూ కాదు, ఒక తల్లుల గుంపు తప్ప, అన్న అర్థంలో అరిచి విసవిసా వెళ్లిపోయాడట.

ఆయన లెక్క ప్రకారం అది తిట్టు. అక్కడున్నవాళ్లు దాన్ని బిరుదుగా పుచ్చుకున్నారు.

* * *

1958 నవంబరు 1, శనివారం. పోలింగుకు మూడు రోజుల ముందు. రోడ్డు ప్రారంభానికి రిబ్బను కత్తిరించడం ఆనవాయితీ. అక్కడ తిరగేసి చేశారు. ఆర్చి దగ్గర దారికి అడ్డంగా రిబ్బను కట్టారు. దాన్ని పట్టుకున్నది ఇద్దరు చిన్నపిల్లలు, అందులో ఒకరు జేన్ మూడేళ్ల కూతురు. బస్సులకు మినహాయింపు ఉంది గానీ, కార్లకు ఆ రోజు నుంచి పార్కులో దారి లేదు.

నగర ట్రాఫిక్ కమిషనర్ నిబ్బరంగా ఉన్నాడు. చుట్టుపక్కల వీధులన్నీ దిగ్బంధమైపోతాయి, ఈ జనమే వచ్చి తెరవమని బతిమాలతారు అని ఆయన అంచనా. అందరూ నమ్మే లెక్క అది. ట్రాఫిక్ నీళ్లలాంటిది, ఇక్కడ గట్టు కడితే అక్కడ పొంగుతుంది.

వారాలు గడిచాయి. పొంగలేదు. లెక్కలు తీసి చూస్తే చుట్టూ ఉన్న వీధుల్లో వాహనాలు పెరగలేదు, పైగా కాస్త తగ్గాయి. ఆ కార్లన్నీ ఏమైనట్టు? వాహనం నీరు కాదు, దాని లోపల మనిషి ఉంటాడు. దారి అనుకూలంగా లేకపోతే వాడు వేరే వేళకు వెళ్తాడు, వేరే తోవ పడతాడు, సబ్‌వే ఎక్కుతాడు, లేదా ఆ పని ఫోన్లో కానిస్తాడు. దారి ఉంది కాబట్టే వచ్చిన బండ్లు, దారి లేకపోయేసరికి రాలేదు. 1961లో అచ్చయిన తన పుస్తకం ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’లో జేన్ ఈ సంగతి వివరంగా రాసింది. నగరాల గురించి ప్రపంచం ఆలోచించే తీరును మార్చిన పుస్తకం అది. పార్కులో రోడ్డే ఉండకూడదన్న సాహసమైన ఆలోచన తనది కాదనీ, షర్లీ హేస్, ఈడిత్ లయన్స్‌లదనీ కూడా అందులోనే రాసింది.

1959లో మూసివేత ఖాయమైంది. బస్సులు మాత్రం ఇంకో నాలుగేళ్లు అక్కడే చుట్టు తిరిగాయి. 1963లో అవీ పోయాయి. షర్లీ మొదటి సంతకం పట్టిన పదకొండేళ్లకు.

మోజెస్ కలగన్న ఎక్స్‌ప్రెస్‌వే మీద పోరు మరో కథ. 1968లో అందుకు సంబంధించిన విచారణ సభలో జేన్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ఆ మరుసటి ఏడాది ఆ రోడ్డు పథకం రద్దయింది. మోజెస్ కూడా 1968లోనే అధికారం పోగొట్టుకున్నాడు. జేన్ జేకబ్స్ పేరు ఇవాళ నగర ప్రణాళిక చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. షర్లీ హేస్ 2002లో చనిపోయింది. విలేజ్ దాటి ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆవిడ రాసిన ఉత్తరాలు, దాచిన కాగితాలు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఆ పార్కు చుట్టూ ఇవాళ న్యూయార్క్ యూనివర్సిటీ. అక్కడ చదివే మన పిల్లలు సాయంత్రాలు ఆ ఫౌంటెన్ గట్టు మీదే కూర్చుంటారు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడుంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆర్చి కింద నిలబడి దక్షిణం వైపు చూడమనండి. కళ్ల ముందు కనిపించే నేల మీదుగానే 48 అడుగుల రోడ్డు పోవాల్సింది.